మారిషస్‌లో మా ఆఖరి రోజు

మన కళాశాల పత్రికను ఇటునుండి తెరిస్తే తెలుగు, అటునుండి తెరిస్తే ఉర్దూ. రెండు భాషల పుటలు నడుమ ఎక్కడో వీపుకు వీపు ఆనించి నిలుస్తాయి. అటువైపు పుటలను మేము ఏటేటా బొమ్మలు చూచి మూసివేసేవారము. అందుకు కారణం ఈ వ్యాసంలో చెప్పక తప్పదు.

సంపాదకవర్గంవారు మా మారిషస్ ప్రయాణాన్ని గురించి వ్రాయమని కోరారు. సముద్రతీరాలను గురించి, షమరేల్‌లోని ఏడు రంగుల మట్టిని గురించి వ్రాసినవారు ఎందరో వున్నారు. పద్నాలుగు రోజులలో పదమూడు రోజులు మేమూ అవే చూచాము. వ్రాయదగినది పద్నాలుగవ రోజు మాత్రమే. (‘మేము’ అంటున్నామే గాని వెళ్లినది ఒక్కరమే. మాకు పాఠం చెప్పిన గురువులు అట్లే వ్రాసేవారు, ఆ అలవాటు మాకూ అబ్బింది. విద్యార్థులు నవ్వుకొందురు గాక.)

మాది వెలిగండ్ల. కనిగిరి ప్రాంతపు మెట్టభూముల ఊరు. వానకు మొగం వాచిన నేల. కంది, సజ్జ చేతికి వస్తే ఆ ఏడు పండుగ. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిన ముసలివారు ఆ సీమలో ఊరూరా కనిపిస్తారు. మా నాయన దూదేకు విల్లు భుజాన వేసికొని, పరుపులకు దిండ్లకు దూది ఏకుతూ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగినవాడు. మా యింట నమాజు అరబ్బీలో, మిగిలినదంతా తెలుగులో. మా అమ్మ అల్లాను తెలుగులోనే వేడుకొనేది. దూదేకులవారి యిండ్లలో ఇది వింత కాదు. అయితే మమ్ము బడిలో చేర్చిన నాడు అయ్యవారు రిజిస్టరులో పేరు వ్రాసి, మతం వ్రాసి, మాతృభాష అన్న గడిలో మా నాయనను అడుగకుండానే ‘ఉర్దూ’ అని వ్రాశారు. నాయనకు చదువు రాదు. ఆ సంగతి బడి విడిచిన నాడు టి.సి. చేతికి వచ్చిన తరువాత గాని మాకు తెలియలేదు.

నాటినుండి రెండు ప్రశ్నలు మమ్ము వెంటాడుతున్నాయి. మసీదు ముంగిట, “ముసల్మానువై వుండి ఉర్దూ రాదా?” అని. సాహిత్యసభలలో, “ముసల్మాను గదా, మీకు తెలుగు ఇంత చక్కగా ఎట్లా వచ్చింది?” అని. మొదటిది నింద, రెండవది మెప్పు. నిజం చెప్పవలెనంటే మమ్ము ఎక్కువగా నొప్పించినది మెప్పే.

మారిషస్ మిత్రుడు తెలుగు ఉపాధ్యాయుడు. శిక్షణ నిమిత్తం హైదరాబాదు వచ్చినప్పుడు పరిచయమైనాడు. ఆరేండ్లు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి. రెండేండ్ల క్రిందట మేము చీటీ పాడుకొని, ఆ డబ్బుతో వేసవి సెలవులలో బయలుదేరాము. మనకు వేసవి, వారికి చలికాలపు మొదలు.

ఆ ద్వీపపు భాషల సంగతి కొంత చెప్పవలసి వున్నది. 1834 నుండి 1920 వరకు దాదాపు 5 లక్షల మంది భారతీయులు ఒప్పందపు కూలీలుగా అక్కడ దిగారు. వారిలో కోరంగి, విశాఖపట్టణం రేవుల మీదుగా పోయిన తెలుగువారిని ‘కోరింగీలు’ అని పిలిచేవారు. నేడు వీధిలోను, ఇంటిలోను అందరి నోటా వినవచ్చేది ఫ్రెంచి నుండి పుట్టిన క్రియోలు. బడిలో మాత్రం పిల్లలు హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ, అరబ్బీ, చైనీసులలో ఒకదానిని పూర్వికుల భాష అని చదువుకోవచ్చు. ఉగాది ప్రభుత్వ సెలవు దినం, రంజాను పండుగా అంతే. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగినది అక్కడనే. ఇంతవరకు మన చెవికి ఇంపుగానే వున్నది. చిక్కు ఎక్కడనంటే, అక్కడ తెలుగు అంటే ఒక దేవాలయం, ఉర్దూ అంటే ఒక మసీదు. తెలుగు పాఠం చెప్పే ముసల్మానును వారు ఎరుగరు. మా మిత్రుని తరగతిలో ఒక బాలిక మా పేరు విని, ఈయన పక్క గదికి పోవలసినవారు కాదా అని అడిగింది.

పక్క గదిలో పాఠం చెప్పేవాడు ఉర్దూ ఉపాధ్యాయుడు, మా మిత్రునికి ప్రాణస్నేహితుడు. మొదటి రోజుననే మమ్ము కౌగిలించుకొని, అతిథి తనవాడని వాదించాడు. మేము మాత్రం ఆయనను తప్పించుకొని తిరిగాము. ఆయన ఉర్దూలో ఒక వాక్యం మొదలుపెట్టితే మా పరువు పోతుందని భయం. దైవవశాన ఆయన పదమూడు రోజులూ మాతో ఇంగ్లీషులోనే మాట్లాడాడు.

ఆఖరి రోజు శుక్రవారం. విమానం రాత్రికి. మిత్రులిద్దరూ ముందునాడే పంపకం చేసికొన్నారు. ఉదయం తెలుగు మిత్రునిది, మధ్యాహ్నం ఉర్దూ మిత్రునిది, సాయంకాలం తెలుగు మిత్రుని నాయనమ్మది.

ఉదయం పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్‌కు వెళ్లాము. 1849లో కట్టిన దిగుమతి స్థావరం అది. పూర్వం కూలీ ఘాట్ అనేవారట. 2006లో ప్రపంచ వారసత్వ స్థలాలలో చేరింది. చూడబోతే ఏమున్నది? నల్లరాతి గోడలు కొన్ని, పదహారు మెట్లు. ఓడ దిగిన ప్రతి మనిషీ ఎక్కిన మెట్లు. మిత్రుడు వాటిముందు చెప్పులు విడిచాడు, మేమూ విడిచాము. తరువాత ఆయన సంచిలోనుండి ప్లాస్టికు కవరులో దాచిన ఒక కాగితం తీశాడు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో కూలీల రిజిస్టర్లు భద్రపరచి వున్నాయి. అక్కడినుండి తెచ్చుకొన్న తన ముత్తాత తండ్రి నకలు. పేరు, సంఖ్య, ఓడ, ఊరు. మనిషికొక సంఖ్య ఇచ్చేవారు. పేరు మరచినా సంఖ్య మరచేవారు కారట.

“ఇంటిపేరు ఏది?” అని అడిగాము.

“ఈ పేరే మాకు ఇంటిపేరు అయినది,” అన్నాడు. ఆయన తెలుగు పుస్తకాల తెలుగు. ప్రతి మాటనూ పగులుతుందేమోనన్నట్లు నెమ్మదిగా క్రిందికి దించుతాడు.

ఓడ దిగిన మనిషి తన పేరు చెప్పాడు, గుమాస్తా విన్నట్లు వ్రాశాడు, ఆ ఒంటి పేరే తరతరాలకు ఇంటిపేరైంది. అందుచేతనే అక్కడి తెలుగువారి ఇంటిపేర్లు అప్పడు, రామడు, గురువడు అని వుంటాయి. వ్యాకరణం తరగతిలో ప్రథమా విభక్తి ప్రత్యయములు డు, ము, వు, లు అని మేము చెప్పినప్పుడు ఆవులించే విద్యార్థులు ఇది గమనింతురు గాక. ‘డు’ అన్న ప్రత్యయం సముద్రం దాటి, భాష పోయినా తాను పోక, పాస్‌పోర్టులలో బ్రతికి వున్నది. మిత్రుడు ఆ కాగితం మడుస్తూ, “ఆయనను ఎవరూ సరిగా అడుగలేదు,” అన్నాడు. మేము మా టి.సి. సంగతి చెప్పాము. ఆయన నవ్వలేదు. మా భుజం మీద చేయి వేసి కొంతసేపు అట్లే నిలుచున్నాడు.

జుమాకు రాయల్ వీధిలోని జుమ్మా మసీదుకు ఉర్దూ మిత్రునితో వెళ్లాము. 1850ల నాటి కట్టడం. పావురపు రెక్కవలె తెల్లని గోడల నడుమ లోపలి ముంగిట ఒక పెద్ద బాదం చెట్టు. నమాజు ముగిసిన పిదప ఆ నీడన ఆయన కొందరు పెద్దలకు మమ్ము పరిచయం చేస్తూ, ఈయన హైదరాబాదు దేశంనుండి వచ్చిన ఆచార్యులు, ఉర్దూ వీరి యింటి భాష అన్నాడు. పెద్దలు ఆదరంతో చూచారు. ఒకరు ఉర్దూలో కుశలమడిగారు. మేము తల ఊపి చిరునవ్వు నవ్వాము. ఆ నవ్వు మేము ముప్పది యేండ్లుగా నవ్వుతున్నదే. వీధిలోనికి వచ్చిన తరువాత కాళ్లు సాగలేదు.

బజారులో ధోల్‌పురి బండి వద్ద ఆగాము. బొబ్బట్టులో తీపి తీసివేసి, పప్పుపొడి కూరి, దానిలో చిక్కుడుగింజల కూర, టమాటా పచ్చడి చుట్టియిస్తే అది ధోల్‌పురి. ఆయన డబ్బులు ఇస్తూ నోటు చూపించాడు. దాని మీద ఇంగ్లీషుతోపాటు తమిళ, నాగరి లిపులున్నాయి. ఆ రెండింటిలో ఏది పైన వుండవలెనని 1998లో పెద్ద వివాదమై, నోట్లే మార్చవలసి వచ్చిందట. “మీ తెలుగూ లేదు, మన ఉర్దూ లేదు. ఇద్దరమూ నిశ్చింతగా తినవచ్చు,” అన్నాడు.

‘మన ఉర్దూ’ అన్న మాట గొంతులో అడ్డుపడింది. ఇక దాచలేక చెప్పివేశాము. మాకు ఉర్దూ రాదు, ఇంట ఎన్నడూ లేదు, రిజిస్టరులో మాత్రమే వున్నది, మసీదులో మీరు చెప్పినది నిజం కాదు అని.

ఆయన నములుతున్నది ఆపి మమ్మే చూచాడు. మొగాన కోపమో బాధయో తెలియలేదు. “పద్నాలుగు రోజులు! ముందే ఎందుకు చెప్పలేదు?” అన్నాడు.

సిగ్గుపడినామని చెప్పాము.

అప్పుడాయన చెప్పినది ఇది. ఆయన తాత మాట్లాడినది భోజ్‌పురి. తండ్రి మాట్లాడినది క్రియోలు. ఉర్దూ ఆయన పరీక్షలకోసం నేర్చినది. ఇరవై యేండ్లుగా పాఠం చెపుతున్నా, ఉర్దూ ఇంటిమాటగా గలవానితో మాట్లాడవలసి వస్తే చెమటలు పడతాయి. “నా తప్పులు మీరు పడతారని భయపడి, ఇన్ని రోజులూ ఇంగ్లీషులో దాక్కొన్నాను,” అన్నాడు.

బండివాడు మా యిద్దరినీ వింతగా చూచాడు. నడివీధిలో ఇద్దరు ఉపాధ్యాయులు చేతిలోని కూర కారిపోతుండగా అంతగా నవ్వడం అతడు చూచి వుండడు. నవ్వు ఆగిన తరువాత కూడ ఆయన మాటకు మాటకు, “పద్నాలుగు రోజులు,” అని తల ఆడిస్తూనే వున్నాడు. ఎంత మాట్లాడుకొని వుండవలసినది అని ఆయన భావం. మాకూ అదే.

సాయంకాలం ముగ్గురమూ కారులో దక్షిణంగా బయలుదేరాము. వెనుక పీటర్ బాత్ శిఖరం కనిపించింది. కొండకొనమీద వేరుగా ఒక బండ, అచ్చంగా తలమీద కుండ పెట్టుకొన్న మనిషి. నీళ్ల బిందెతో మా వెలిగండ్ల వీధిలో నడిచే ఆడమనిషి అనిపించింది. దారికిరువైపులా చెరకు వెండి కుచ్చులు విప్పి పూచి వున్నది. తోటల నడుమ నల్లరాళ్ల గుట్టలు. అవి కొండలు కావు. నేల చదును చేసేందుకు కూలీలు ఒక్కొక్క రాయే ఏరి పేర్చినవి.

మిత్రుని నాయనమ్మకు ఎనుబది దాటింది. మాంసం వండితే అతిథికి హలాలు సంశయం కలుగునని ఆమె ఆ రోజు శాకాహారమే వండించింది. అరటాకు వేశారు. వంటింటిలోనుండి వినవచ్చిన మాటలు మేము చెవి ఒగ్గి విన్నాము. కరివేపాకును కారిపులే అన్నారు, మునగాకును మురుమ్ అన్నారు, బీరకాయను పిపంగాయ్ అన్నారు. అవి తమిళులనుండి వచ్చినవో మనవారినుండి వచ్చినవో పండితులు తేల్చుకొందురు గాక. ఆకులోనికి వచ్చేసరికి అన్నీ మనవే.

భోజనమైన తరువాత ఆమె మనుమనితో క్రియోలులో ఏదో అడిగింది. ఆయన తటపటాయించి, “ఈయన ఇంటిలో నిజంగా తెలుగే మాట్లాడుదురా అని అడుగుచున్నది. అయితే కొంచెం మాట్లాడుమనుచున్నది. ఆమెకు అర్థము కాదు. ఊరక వినును,” అన్నాడు.

ఏమి మాట్లాడవలెను? పద్యమొకటి నోటిదాకా వచ్చింది, చదువబుద్ధి కాలేదు. మా అమ్మతో మాట్లాడినట్లు వెలిగండ్ల మాటలో మొదలుపెట్టాము. వాన రాలేదని, కంది ఎండిందని, నాయన విల్లు అటకమీద వున్నదని, దాని నరం తెగిపోయిందని. ఆమె కన్నులు మూసికొని వింటున్నది. ఉర్దూ మిత్రుడు గోడకానుకొని వింటున్నాడు. చిన్ననాడు అమ్మ విల్లు మోతకు లేచిన మమ్ము ఒడిలో పెట్టుకొని బువ్వ తినిపించేదని అన్నామో లేదో, ఆమె కన్ను తెరిచింది.

“బువ్వ,” అన్నది.

కుడిచేతి వేళ్లు అయిదూ దగ్గరకు చేర్చి గాలిలో ముద్ద పట్టి, లేని బిడ్డకు నోటికి అందించింది. మళ్లీ, “బువ్వ,” అన్నది. మిత్రుడు తాను ఈ మాట ఆమె నోట ఎన్నడూ వినలేదన్నాడు. పుస్తకాలలోనూ చూడలేదట. జేబులోని చిన్న పుస్తకం తీసి వ్రాసికొన్నాడు. ఉర్దూ మిత్రుడు లేచి వెలుపలికి పోయి, కారు తుడుస్తూ నిలుచున్నాడు.

చీకటి పడింది. విమానాశ్రయానికి వేళ అయింది. ఆమె చేతికర్ర ఊతతో గడపదాకా వచ్చి, మా తలమీద చేయి వుంచి, స్పష్టంగా “సలామ్” అన్నది. మేము అలవాటుగా “వాలేకుం సలామ్” అన్నాము. ఇంటిల్లిపాదీ నవ్వారు. మా మతానికి మర్యాదగా అన్నదేమోననుకొన్నాము. కారు కదిలిన తరువాత ఉర్దూ మిత్రుడు చెప్పాడు. క్రియోలులో ఆ మాటకు అర్థం వెళ్లి రండి అని. అక్కడ హిందువులు, క్రైస్తవులు, చీనావారు, అందరూ విడిపోయేటప్పుడు అనేది అదేనట.