కట్ట విప్పే సందు

ఫిబ్రవరి 9, 2025, ఆదివారం, సూర్యాపేట

రాత్రి పదకొండు దాటింది. సంక్రాంతికి మా మేనత్త మిర్యాలగూడ నుంచి వచ్చినప్పుడు ఫోన్లో పట్టుకున్న నాట్ల పాటకు ట్రాక్ పూర్తయింది. నిమిషానికి 96 దెబ్బల క్లిక్ పెట్టి, ఆమె గొంతును ముక్కలు చేసి గీతల మీద కూర్చోబెట్టాను. బేస్ గిటార్, కీబోర్డు, ప్యాడ్స్ అన్నీ తీరుగా పడ్డాయి. పంపిస్తే చివరిదాకా విని ఫోన్ చేసింది. "మంచిగనే ఉంది గానీ అల్లుడా, కట్ట విప్పెటందుకు సందియ్యకపోతివి."

అడిగితే విడమర్చి చెప్పింది. నాలుగైదు వరసలు పాడేసరికి చేతిలో నారు అయిపోతుంది. వంగిన నడుం ఎత్తకుండానే పక్కన పడేసిన కట్ట అందుకుని, ముడి విప్పి, ఎడమ చేతిలోకి తీసుకునేదాకా పాట ఆగుతుంది. ఆ ఆగుడు ఒకసారి రెండు దెబ్బలు, ఒకసారి మూడున్నర. నేనేమో ఊపిరి తీసుకుంటోందనుకుని అన్నింటినీ కోసేశాను.

ఫిబ్రవరి 12, బుధవారం, సూర్యాపేట

స్కాట్లాండ్ బృందం కేపర్‌కేలీ పాట ‘కోషిచ్ అ రూన్’ ఇవాళ ఐదారుసార్లు విన్నాను. అదీ ఆడవాళ్ల పని పాటే. నేసిన ఉన్ని బట్టను తడిపి, బల్ల చుట్టూ కూర్చుని, దాన్ని బల్లకేసి బాదుతూ పాడుకునేవారు. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అర్థం లేని పలుకులతో అందుకుంటారు, మన ‘వలలో’, ‘ఉయ్యాలో’ లాగా. దాని కింద డ్రమ్స్, బేస్ పెట్టి 1992లో విడుదల చేస్తే బ్రిటన్ టాప్ 40లోకి వెళ్లింది. స్కాటిష్ గేలిక్ భాషలో అంతవరకు ఏ పాటకూ అది దక్కలేదు. బాదుడు ఎక్కడ బరువుగా పడాలో డ్రమ్స్ కూడా అక్కడే పడుతున్నాయి. నేను వెతుకుతున్నది ఇదే.

ఐర్లండ్ వాళ్ల బోరాన్ మన డప్పుకు చుట్టమే. కొయ్య చట్రం, మేక తోలు, ఒక పుల్ల. 1960లలో వాళ్ల సంగీతకర్త షాన్ ఓ రియాడా దాన్ని కచేరీ వేదిక ఎక్కించాడు. వాళ్ల తోలు సంచి బాకా చూసినప్పుడల్లా మన భాగవతుల శ్రుతి తిత్తి గుర్తొస్తుంది. తిత్తి ఊదేవాళ్లు మాత్రం ఈ చుట్టుపక్కల నాకింతవరకు కనిపించలేదు. ఆ బాధ పోదు.

ఫిబ్రవరి 16, ఆదివారం, దురాజ్‌పల్లి

పెద్దగట్టు జాతర మొదలైంది. రెండేళ్లకోసారి వచ్చే లింగమంతుల స్వామి జాతర. కేసారం నుంచి దేవరపెట్టె వస్తుందని గట్టు కింద జనం, "ఓ లింగా" కేకలు. ట్రాక్టర్ మీద డీజే బాక్సులు మోగుతున్నాయి. పక్కనే గజ్జెల లాగు తొడిగిన పెద్దాయన భేరీకి అడుగులేస్తున్నాడు. ఆయన కాలు అలిసి నెమ్మదిస్తే భేరీ నెమ్మదించింది. ఊపు వచ్చి ఎగిరితే దెబ్బ ముందుకు ఉరికింది. భేరీ కొట్టే పిల్లవాడి కళ్లు ఆ పాదాల మీదే ఉన్నాయి.

డీజే మీద నాకు కోపం లేదు. దానిమీద మోగే తీన్మార్ కూడా, నిజాం కొలువులోని సిద్దీల మర్ఫాతో మన గల్లీల్లోకి వచ్చిందే. బయటి దెబ్బను కలుపుకోవడం మనకు కొత్త కాదు. కాకపోతే ఎవరో ఒకరు పాదాలు చూస్తుండాలి.

ఫిబ్రవరి 19, బుధవారం, మిర్యాలగూడ

జాతర కోసం విజయవాడ బండ్లను నార్కట్‌పల్లి దగ్గరే మళ్లించి నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు పంపుతున్నారు. హారన్ల మోతకు పగలంతా మైకు తియ్యలేదు.

రాత్రి అత్తను కుర్చీలో కూర్చోబెడితే పాట రాలేదు. రెండు వరసలు పాడి ఆగింది. "ఉత్త చేతులతోని ఎట్ల పాడాలె?" అని వంటింట్లోకి పోయి తోటకూర కట్ట తెచ్చుకుంది. నడుం వంచింది. వెనక్కి అడుగులేస్తూ, గచ్చు మీద ఒక్కో కాడ పెడుతూ పాడింది. నేను మైకు పట్టుకుని ఆమె ముందు వంగి నడిచాను. క్లిక్ లేదు, హెడ్‌ఫోన్ లేదు. మడి చివరికి వస్తున్నట్టు పాట దానంతటదే వేగం అందుకుంది.

తర్వాత మంచం మీద కూర్చుని చెప్పింది. ఇప్పుడు సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు చాలావరకు బెంగాల్ నుంచి వచ్చే కూలీలు గుత్తకు వేస్తున్నారట. ఆమె మడిలో దిగి మూడేళ్లయింది. "వాళ్లు గూడ ఏదో పాడుకుంటరు. ఒడ్డు మీద కూసోని ఇంట."

ఫిబ్రవరి 23, ఆదివారం, కోదాడ

ఇక్కడ పెళ్లి బ్యాండులో ప్యాడ్స్ వాయించే మిత్రుడి దగ్గరికి వచ్చాను. అత్త పాట వెంట చివరిదాకా వాయించమంటే మొదట ఒప్పుకోలేదు. ‘భీమ్లా నాయక్’ పాటలో మొగిలయ్య గారి 12 మెట్ల కిన్నెర ముందు వినిపించి ఆ తర్వాత డ్రమ్స్ అందుకున్నట్టు, అత్త గొంతు ముందు నాలుగు వరసలుంటే చాలన్నాడు. ఆ పాట నాకూ ఇష్టమే. మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చిందని విన్న రోజు ఇంట్లో పండగ చేసుకున్నాం. కానీ అత్త పాట గుమ్మం దగ్గర ఆగడం నాకు ఇష్టం లేదు, చివరిదాకా నడవాలి.

ఆ రాత్రి అత్త పాడుతుంటే తీసిన వీడియో చూపించాను. అతను ప్యాడ్స్ పక్కన పెట్టి, గడ్డి మంట మీద డప్పు కాచి, అత్త చేతులు చూస్తూ వాయించాడు. ఆమె కట్ట అందుకుంటే సిర్ర ఆగింది. బేస్ గిటార్ ఆ డప్పు వెనకే నడిచింది.

మూడో ఆగుడు దగ్గర "పట్" మని చిన్న చప్పుడుంది. శబ్దం శుభ్రం చేద్దామని మిత్రుడు మౌస్ మీద చెయ్యి పెట్టాడు. వద్దన్నాను. తోటకూర కట్టకు చుట్టిన దారం తెగిన చప్పుడది.