దీవాన్‌ఖానాలో సాంబర్ తల

పోయిన నెల జుమ్మా నమాజ్ చదువుకుని పోతిరెడ్డిపల్లిలోని మా పాత ఇంటికి వెళ్లేసరికి దీవాన్‌ఖానా నేల మీద సాంబర్ కొమ్ము పడి ఉంది. పక్కన పిడికెడు ప్లాస్టర్ పొడి. అబ్బా కుర్సీలో కూర్చుని దానికేసే చూస్తున్నారు, ఇంట్లో మనిషికి దెబ్బ తగిలినట్టు.

"ముందు దీన్ని సరిచెయ్యి బేటా. ఈద్‌కి పిల్లలంతా వస్తారు."

ఆ తల మా ఖాందాన్ ఇజ్జత్. మెదక్ దగ్గరి పోచారం అడవి నిజాం జమానాలో షికార్‌గాహ్. 1952లో అభయారణ్యం అయింది. అక్కడ మా దాదా ఒక్క గోలీతో పడగొట్టిన సాంబర్ అది, మన పల్లెల్లో కణుజు అంటారే, అదీ మేం పుట్టినప్పటినుంచీ విన్న కిస్సా. దాదీ మాత్రం నమాజ్ వేళకి దాని మొహం మీద తువ్వాలు కప్పేది. కిస్సా మొదలవగానే లేచి బావర్చీఖానాలోకి వెళ్లిపోయేది.

బయట ఎవరికైనా ఇద్దామంటే భయం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఈ పని ధంధాగా చేసేవాళ్లకి లైసెన్స్ కావాలి. తల మన గోడకి ఉండాలన్నా కాగితం ఉండాలి. 2003లో సర్కార్ 180 రోజుల మోహ్లత్ ఇచ్చినప్పుడు అబ్బా జంగ్లాత్ దఫ్తర్ చుట్టూ తిరిగి ఆ కాగితం సంపాదించారు. దేశమంతా పేరున్న మైసూర్ వాన్ ఇంగెన్ కార్ఖానా 1999లోనే మూతపడింది. ఇక నేనే చేతులు పెట్టాను. అఖ్బార్ నౌకరీ నేర్పింది ఒకటే, తెలియని పని గురించి నలుగురిని అడగడం.

అడిగితే తెలిసింది. కొట్టిన జంతువు కొమ్ముల్ని విడివిడిగా తియ్యరు. కళ్ల గుంతల మీదుగా రంపంతో కోసి, ఖోప్డీ పైచిప్పని రెండు కొమ్ములతో కలిపే తీస్తారు. ఉడకబెట్టి, శుభ్రం చేసి ఆరబెడతారు. తల లోపలి సాంచా పాతకాలంలో కాగితం గుజ్జుతో చేసేవారు, ఇప్పుడు ఫోమ్‌తో. దాని నెత్తి మీద చిప్ప కూర్చునేంత చోటు ఉంటుంది. చిప్పలోంచి రెండు మూడు స్క్రూలు లోపలి చెక్కలోకి దించి, సందుల్లో ప్లాస్టర్ నింపుతారు. అసలు కమాల్ అంతా వాలులో ఉంది. కాస్త ముందుకి వంగిందా, సాంబర్ కుమ్మడానికొచ్చే ఎద్దైపోతుంది! అందుకే చమ్డా ఒలిచేముందే కంటినుంచి కొమ్ము మొదలుకి, ముక్కునుంచి కొసకి కొలతలు రాసుకుంటారు. చమ్డా తొడిగేది ఆ తర్వాతే. మెడ వెనక 'వై' ఆకారంలో కోత ఉంటుంది, దాని రెండు చేతులు రెండు కొమ్ముల మొదళ్లకి చేరతాయి. అక్కడ అంచు లోపలికి మడిచి కుడతారు.

మాస్క్, గ్లవ్స్ వేసుకున్నాను. పాతకాలం చమ్డాలకి పురుగు పట్టకుండా సంఖియా, అంటే పాషాణం, పూసేవారు. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే పిల్లల్ని ముట్టుకోనివ్వకండి.

కొమ్ముని తిరగేశాను. అడుగున ఖోప్డీ హడ్డీ ఉండాలి. లేదు. మొదలు కొంచెం ఉబ్బుగా, మిస్రీ ముక్కలా గరుగ్గా ఉంది. నడుమ రంధ్రం, అందులో తుప్పుపట్టిన బోల్ట్. సాంబర్‌ది ఆవు కొమ్ములాంటిది కాదు. అది ఎముక. మామూలుగా ఏటేటా రాలిపోయి, మఖ్మల్ లాంటి చర్మం కింద మళ్లీ మొలుస్తుంది. రాలిన కొమ్ము మొదలు అచ్చం ఇలాగే ఉంటుంది.

టేప్ పెట్టి రెండోదాన్నీ కొలిచాను. అంగుళంన్నర పొట్టి, కానీ లావు. రెండూ ఒక జంతువువి కూడా కావనిపించింది.

తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి టార్చ్ పట్టుకుని నిలబడ్డాడు. "పప్పా, మరి పర్‌దాదా షికార్?" అన్నాడు.

"టార్చ్ సరిగ్గా పట్టుకో" అన్నాను.

పాత బోల్ట్ పీకి, కొత్త థ్రెడ్ రాడ్ దించి, చుట్టూ ఎం-సీల్ నింపాను. అది గట్టిపడేదాకా కొమ్ము వాలకుండా రెండు కొమ్ములకీ కలిపి సుత్లీ కట్టాను. అబ్బా ఎప్పుడొచ్చారో, వెనకే నిలబడి ఉన్నారు. చేతిలో ఆ తుప్పు బోల్ట్.

"నవాబ్ సాబ్‌లు ఖోప్డీ చిప్పతో సహా కొమ్ములు తీసుకెళ్లిపోయారు" అన్నారు మెల్లగా. "మీ దాదా ఆ కాంప్‌లో ఖాన్సామా. మాంసం కోసింది ఆయనే. తల చమ్డా ఆయన హిస్సాకి వచ్చింది. కొమ్ములు తర్వాత అడవిలో ఏరుకొచ్చారు."

"మీకెవరు చెప్పారు?"

"అమ్మీ. పోయే ముందు."

ఇద్దరం కాసేపు ఖామోష్. మా అబ్బాయి ఒకసారి నా మొహం, ఒకసారి వాళ్ల దాదా మొహం చూశాడు. అబ్బా రెండడుగులు వెనక్కి వేసి, కళ్లద్దాలు పైకి జరిపి గోడ వైపు చూశారు.

"ఎడమది కొంచెం ముందుకి వాలింది. అది ఆరకముందే వెనక్కి నొక్కు."