ఉప్పు తోవ వెంట

టెక్కలి, ఆదివారం రాత్రి

అప్పా,

మీరెవరూ లేవకముందే సైకిలు తీశాను. సరుగుడు తోటలు దాటి నౌపడా చేరేసరికి మడుల్లో ఉప్పు పోగులు పెడుతున్నారు. ఒక పొట్లం అడిగి తీసుకుని సంచిలో వేసుకున్నాను.

ఆ ఉప్పు చూస్తే ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది. రోము నుంచి ఆడ్రియాటిక్ సముద్రం దాకా వయా సలారియా అని ఒక పాత రోడ్డుంది. ఆ పేరుకు ఉప్పు దారి అని అర్థం. రాళ్లు పరిచిన దారి కాబట్టి రెండు వేల ఏళ్లు దాటినా ఆనవాళ్లు నిలిచాయి. మన ఉప్పు బళ్లు పర్లాకిమిడి కొండల వైపు పోయేవని తాత చెప్పిన తోవకు మట్టే ఆధారం. అయినా 1900లో పర్లాకిమిడి రాజా నడిపించిన చిన్న రైలు నౌపడా నుంచే మొదలైంది. ఆయనా ఆ దిక్కే పట్టుకున్నాడు.

సాలిహుండం, మంగళవారం

అప్పా,

కోటబొమ్మాళి, నరసన్నపేట మీదుగా హైవే పట్టుకుని, మడపాం దగ్గర వంశధార దాటాను. లారీల గాలికి సైకిలు ఊగిపోయింది. ఈ ఊళ్లో మాత్రం అలసటంతా పోయింది.

కొండెక్కితే ఇటుకల బౌద్ధ స్తూపాలు. ఒకదాని పునాది అచ్చం బండి చక్రంలా ఉంది, మధ్యలో ఆకులతో సహా. కింద వంశధార, దూరాన కళింగపట్నం వైపు సముద్రం. వచ్చే ఓడ, పోయే బండి రెండూ కనపడే చోటు చూసుకునే భిక్షువులు ఇక్కడ స్థిరపడ్డారని నా నమ్మకం. ఈ శిథిలాలను 1919లో లోకానికి చూపించింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. భాష కోసం, సవరల కోసం అంత పాటుపడిన మనిషి ఈ ఇటుకలనూ వదల్లేదు!

ఇక్కడి తవ్వకాల్లో అడుగున వలయాలుగా గీతలున్న నున్నటి మట్టిపళ్లేల పెంకులు దొరికాయి. అలాంటివే పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దొరికినప్పుడు రోము సరుకనుకున్నారు. తర్వాత మట్టిని పరీక్షిస్తే మన దేశంలో చేసినవేనని తేలింది. ఆ మాట చదివినప్పుడు నాకెంత సంతోషమేసిందో! మన కుమ్మరి చేతిపనిని అంతదూరపు సరుకనుకున్నారు.

దంతపురం, గురువారం

అప్పా,

ఆమదాలవలస దాటి సరుబుజ్జిలి వైపు వచ్చాను. ఎత్తయిన మట్టిగట్టు, దాని లోపల పొలాలు. దంతపురం కోటంటే ఇదే. గంగ సముద్రంలో కలిసే చోటునుంచి కళింగ భూశిరానికి, దండగుద అనే ఊరికి 625 రోమన్ మైళ్లని ప్లినీ ఒకటో శతాబ్దంలో రాశాడు. ఆ దండగుద ఈ దంతపురమేనని కొందరు పండితుల మాట. రోములో కూర్చున్న మనిషి చెవిన మన ఊరి పేరు పడిందంటే, ఎన్ని నోళ్లు మారి, ఎన్ని రేవులు దాటి వెళ్లిందో.

గట్టు కింద గొర్రెలు కాసే ముసలాయన పచ్చి మామిడికాయ కోసిచ్చాడు. నౌపడా పొట్లం విప్పాను. ఇద్దరం అద్దుకుని తిన్నాం. "ఎక్కడి ఉప్పు బాబూ?" అన్నాడు. చెప్పాను. చిన్నప్పుడు వాళ్ల నాన్న బండి కట్టుకుని వెళ్లి తెచ్చేవాడట, ఏ గెడ్డ ఎక్కడ దాటాలో వేలితో నేల మీద గీసి చూపించాడు. కాగితం మీద దించుకున్నాను. ఎల్లుండి ఆ గీత పట్టుకునే ఇంటికొస్తాను.

నీ తమ్ముడు