లష్కరు స్టేషను ముంగిట

హైదరాబాదు చూడబోతున్నామని చెప్పి ఇంట్లో బయలుదేరేవారిలో చాలామంది మొదట కాలుపెట్టేది హైదరాబాదులో కాదు, సికింద్రాబాదులో. బెజవాడనుంచి వచ్చినా, వరంగల్లునుంచి వచ్చినా, పెట్టెలు దించుకుని, పిల్లల్ని లెక్కపెట్టుకుని, "అమ్మయ్య, చేరాం" అనుకునేది ఎక్కువగా ఈ స్టేషనులోనే. పాతకాపులు ఈ ఊరిని ఇప్పటికీ లష్కరు అంటారు. లష్కరంటే సైన్యం. దండు విడిసిన ఈ ప్రదేశానికి 1806 లో మూడవ నిజాము సికిందర్ జా పేరుమీద సికింద్రాబాదు అనే పేరు వచ్చింది. ఆ పేరు కాగితాలమీద ఉంటే, పాతపేరు జనం నోళ్లలో ఉంది. ఆషాఢంలో ఇక్కడి మహంకాళి అమ్మవారి జాతరను లష్కరు బోనాలనే అంటారు కదా!

దండు ఉన్నచోటికి రైలు రావడం ఆ రోజుల్లో వింత కాదు. బొంబాయి, మద్రాసుల మధ్య పెద్దలైనుమీద ఉన్న వాడీనుంచి 1874 లో సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1889 నాటికి ఆ పట్టాలు బెజవాడదాకా సాగాయి. ఆ తరువాత మన్మాడు వైపు మీటరుగేజి లైను వేశారు. 1966 అక్టోబరు 2 న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు దాని ముఖ్య కార్యాలయం ఈ ఊళ్లోనే వెలిసింది. కాజీపేట, వాడీ, నిజామాబాదు, కర్నూలు - నాలుగువైపుల దారులూ కలిసే కూడలి ఇది. ఉన్నవి పది ప్లాటుఫారాలు. కుటుంబం పెరిగిపోయింది గాని ఇల్లు మాత్రం పెరగలేదు.

అందుకే ఇల్లు మళ్లీ కట్టాలని తలపెట్టారు. 2023 ఏప్రిల్ 8 న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. అంచనా సుమారు 720 కోట్ల రూపాయలు. ఇటు ఊరివైపు, అటు బోయిగూడవైపు రెండు కొత్త భవనాలు. రెంటినీ కలుపుతూ పట్టాలకు పైన 108 మీటర్ల వెడల్పుగల రెండంతస్తుల పెద్ద వసారా. బండ్లు నిలుపుకునేందుకు అంతస్తులు. మెట్రో స్టేషన్లకు నడకదారులు - ఇదీ పథకం. వెళ్లేవారు పైకి చేరి, అక్కడే కూర్చుని, వేళకు తమ ప్లాటుఫారానికి దిగాలి. వచ్చినవారు వేరేదారిన బయటపడాలి. పాత వంతెనలమీద ఎక్కేవారూ దిగేవారూ ఎదురెదురై, పెట్టెలు మోకాళ్లకు తగిలించుకున్న అనుభవం ఉన్నవారెవరూ ఈ ఏర్పాటును కాదనరు.

2025 తొలినెలల్లో కమానులున్న పాత ముఖద్వారాన్ని పడగొట్టారు. ఏప్రిల్ నుంచి ప్లాటుఫారాలను విడతలు విడతలుగా మూశారు. ఒకపక్క బండ్లు నడుస్తుండగానే ఇంకొకపక్క పునాదులు తవ్వాలి; కాపురం చేస్తున్న ఇంటికి కప్పు మార్చడంవంటిది ఈ పని. చాలా బండ్లను కాచిగూడకు, నాంపల్లికి, ఆ ఏడే జనవరి 6 న ప్రారంభమైన చర్లపల్లి టెర్మినలుకు తరలించారు. ఆ వేసవి సెలవుల్లో మూడు సాయంత్రాలు నేను ఈ స్టేషను చుట్టూ తిరిగాను. భవనం నమూనా పటాల్లో చూశాం సరే, చుట్టూ బతికే మనుషులు ఏమనుకుంటున్నారో తెలుసుకుందామని.

ముందు ఊరివైపు చూద్దాం. రేతిఫైల్ బస్‌స్టాండునుంచి స్టేషనుకు నడవడమే ఒక విద్య. కాలిబాట అనేది పేరుకు ఉంది. దానిమీద గొలుసులు, తాళాలు, ప్లాస్టిక్ సంచులు, సెల్‌ఫోను తీగలు అమ్మేవారి పరుపులు. అవి దాటితే ఆటోలు. ఆటోలు దాటితే బస్సులు. ఇరానీ హోటలునుంచి ఉడికిన చాయ వాసన, పక్కసందునుంచి చెప్పుకోకూడని వాసన ఒకేసారి వస్తాయి. రెజిమెంటల్ బజారు వైపు లాడ్జీల గోడలకు సున్నం పెచ్చులు లేచిపోయాయి. మేడమీద బట్టలు ఆరేసుకున్న ఇళ్లు, కిందిభాగాన దుకాణాలు. శిథిలం అనడానికి వీల్లేదు, ఎందుకంటే అంగుళం జాగా కూడా ఖాళీగా లేదు. అరిగిపోయిన పేట, అంతే.

ఒక లాడ్జీ గుమాస్తాను పలకరించాను. ఆయన నవ్వి, "బండి టైముకు వస్తే మాకేం లాభం సార్? లేటు బండే మాకు లక్ష్మి. ఇప్పుడు బండ్లే చర్లపల్లికి పోయె. రేపు తిరిగి వచ్చినా, జనం పైనే కూచుని పైనే తిని పోతే, కిందికి ఎవరొస్తరు?" అన్నాడు. నవ్వుతూ అన్నాడేగాని ఆ రోజు తాళంచెవుల బోర్డుమీద సగానికి పైగా చెవులు వేలాడుతూనే ఉన్నాయి.

ఎర్రచొక్కా కూలీ ఒకతను పని లేక గోడనీడన కూర్చున్నాడు. "చక్రాల పెట్టెలొచ్చినంక సగం పని పోయింది సారూ. కరెంటు మెట్లొచ్చినంక ఇంకింత పోయె. కొత్త బిల్డింగు వద్దని మేమెందుకంటం? మా పిల్లలు గూడ రైలెక్కేటోళ్లే గద! నడవలేని ముసలోళ్లను కుర్చీబండిల కూసోబెట్టి తీస్కపోయే పని మాకియ్యమనుండ్రి. పైన దారి దూరమైతది. ఆ పని మస్తుగ ఉంటది" అన్నాడు. నాకు తోచని మాట అతనికి తోచింది. వెడల్పు ఎక్కువైనకొద్దీ నడక ఎక్కువవుతుందన్నది, పటం చూసినవాడికన్నా బరువు మోసినవాడికే ముందు తెలుస్తుంది.

జామకాయల గంపతో కూర్చున్న ఒక అమ్మ సంగతి ఇంకా చిక్కుది. "బయట కూసుంటే పోలీసాయన లేపుతడు, లోపల కూసుంటే రైలాయన లేపుతడు. కొత్తగ కట్టినంక దుకాండ్లిస్తరంట. ఆ కిరాయికి నా జామకాయలన్నీ అమ్మినా సాలవు బిడ్డా" అంది. ఆమె ఒక్కమాటలో చెప్పింది ఒక చట్టం సంగతి. వీధుల్లో అమ్ముకునేవారి రక్షణకోసం 2014 లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఊరూరా ఏర్పడే వీధివ్యాపార సంఘంలో నూటికి నలభైమందికి తక్కువ కాకుండా ఆ అమ్ముకునేవారే ఉండాలంది. కాని రైల్వేవారి స్థలాలకు అది వర్తించదని ఆ చట్టంలోనే ఉంది. గంప గీతకు ఇవతల ఉంటే ఒక న్యాయం, అవతల ఉంటే ఇంకొక న్యాయం. ఆ గీత ఎక్కడుందో మాత్రం ఎవరూ సున్నంతో గీసిపెట్టలేదు.

ఇక బోయిగూడ, చిలకలగూడల వైపుకు వెళితే గాలి వేరు. ఇన్నాళ్లూ ఇది స్టేషనుకు పెరడు. ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి అరుగుమీద కూర్చోబెట్టి మాట్లాడారు. "పాత కమానులు పోయాయని అందరూ ఫోటోలు చూసుకుని బాధపడుతున్నారండీ. నాకూ బాధే. కాని ఆ గోడలమధ్య ముప్పయ్యేళ్లు పనిచేసినవాణ్ణి. వాన వస్తే ఎక్కడ కారేదో నాకు తెలుసు. ఇప్పుడు మావైపూ ముఖద్వారం వస్తుంది. పెరటివాళ్లం వీధివాళ్లమవుతున్నాం!" ఆయన సంతోషం కళ్లలో కనిపించింది. ఆయన ఇంటికి రెండిళ్ల అవతల అద్దెకుంటున్న దర్జీ మాత్రం మిషను ఆపకుండానే, "వాకిలి వస్తే కిరాయి గూడ పెరుగుతది సారూ. సార్ది సొంతిల్లు. నాది కాదు గద" అన్నాడు. ఒకే వీధి, ఒకే వార్త. ఒకరికి పండుగ, ఇంకొకరికి దిగులు.

సీతాఫల్‌మండిలో కాపురమున్న ఒక గృహిణి అత్తగారిని రైలెక్కించడానికి వచ్చారు. గుంటూరు జిల్లా ఆడపడుచు. "అన్నయ్యగారూ, మాకు పాలరాళ్లెందుకు చెప్పండి? మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. బస్సు దిగినచోటునుంచి పెట్టె దాకా ఎండ తగలకుండా, గుంటలో కాలు పడకుండా నడవగలిగితే చాలు. వెళ్లగానే శుభ్రమైన స్నానాలగది ఉంటే వేయి దండాలు" అన్నారు. అత్తగారు తల ఊపి, "మంచినీళ్లు కూడా చెప్పవే" అని అందించారు.

ఆ సంజెవేళ ప్రవేశానికి ఇవతల, చెట్టుకింద దుప్పటి పరచుకుని ఒక కుటుంబం కనిపించింది. పాలమూరు వైపు నుంచి పనికి వచ్చి తిరిగిపోతున్నారు. పెద్దాయన నాతో అన్న మాటలు ఇవి: "రాత్రికి బండి. పొద్దుగాలనే పని అయిపోయింది. అంతసేపు యాడుంటం? హోటల్ల కూసుంటే చాయ తాగాలె. పార్కుల కూసుంటే టికెటంటరు. స్టేషన్ల కూసుంటే ఎవ్వరేం అడుగరు."

స్టేషను అన్న ఇంగ్లీషు మాటకు మూలార్థం నిలుచుండే తావు అని పండితులు చెబుతారు. ఇక్కడి రైల్వే ముఖ్య కార్యాలయానికి పెట్టిన పేరు కూడా రైల్ నిలయమే. నిలయమంటే ఉండే చోటు. రైలు నిలవడానికి పట్టాలు చాలు. మనిషి నిలవడానికే స్టేషను కావాలి. నేను మాట్లాడినవారిలో కొత్త కట్టడం వద్దన్నవారు ఒక్కరూ లేరు. ఒక్కొక్కరూ ఒక్కొక్క విధంగా అడిగింది ఒక్కటే: అందులో మాకు నిలుచుండే తావు ఉంటుందా అని. కూలీకి పని రూపంలో, జామకాయలమ్మకు గంపెడు జాగా రూపంలో, దర్జీకి అద్దె రూపంలో, పెద్దాయనకు ఊరకనే కూర్చునే హక్కు రూపంలో.

దీనికి అడ్డం డబ్బు ఒక్కటే కాదు. స్టేషను రైల్వేవారిది. బస్సులు ఆర్టీసీవారివి. రోడ్డు నగరపాలక సంస్థది. మెట్రో ఇంకొకరిది. తూర్పు మెట్రో స్టేషను 2017 నవంబరులో వచ్చింది, పడమటిది 2020 ఫిబ్రవరిలో. నలుగురూ ఎవరి గోడలోపల వారు చక్కగా కట్టుకుంటారు. ప్రయాణికుడు నడిచేది మాత్రం ఆ నాలుగు గోడల సందుల్లో. మోకాళ్లనొప్పుల అత్తగారికి బాధ కలిగేది సరిగ్గా ఆ సందులోనే. రేతిఫైల్ నుంచి స్టేషను గుమ్మందాకా పందిరి వేసిన బాట ఒకటి, కొనుగోలు లేకుండా కూర్చునే బెంచీలు, మంచినీళ్ల కుళాయి, చిల్లర అమ్మకందార్లకు తక్కువ అద్దెకు ఒక వరుస - ఇవి 720 కోట్ల లెక్కలో పెద్ద అంకెలు కావు. కాని నలుగురు అధికారులూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే తప్ప వచ్చేవీ కావు. ఆ బల్ల దగ్గర ఐదవ కుర్చీ ఒకటి వేసి, ఈ పేటలవారిలో ఒకరిని పిలిస్తే ఇంకా మంచిది.

మీరు ఈసారి లష్కరులో దిగినప్పుడు కొత్త అద్దాలనూ, మెరిసే నేలనూ తప్పక చూడండి. చూసి సంతోషించండి కూడా. ఆ తరువాత ఒక్క నిమిషం ఆగి, రాత్రి బండికోసం పొద్దున్నే వచ్చిన మూటలవారు ఎక్కడ కూర్చున్నారో చూడండి. వారికి నీడ, నీళ్లు దొరికి ఉంటే స్టేషను బాగా కట్టినట్టే.