లాలాగూడ నుంచి వచ్చిన రేడియో

హైదరాబాదు వెళ్ళి వచ్చినవారు సాధారణముగా చార్మినారు సంగతి, సాలార్‌జంగు మ్యూజియము సంగతి చెబుతారు. 2019 జనవరిలో మేము వెళ్ళినప్పుడు అవేవీ చూడలేదు. మేము చూసినది ఒక పాత సామాన్ల బజారు, ఒక రైల్వేవారి పేట, ఒక మేడ మెట్లు. ఆ మెట్ల సంగతి చెప్పుకోవడానికి కొంచెము సిగ్గుగానే ఉన్నది. అయినా చెబుతాము.

మా నాన్నగారికి అప్పటికి ఎనభై మూడేళ్ళు. చూపు బాగా తగ్గింది. పెద్ద అక్షరాల బైబిలు కూడా కూడబలుక్కొని చదవవలసిన స్థితి. మనవలు ఫోనులో వాక్యము పెట్టి చేతికిస్తే కాసేపు వింటారు. "ఇది నాకు కుదరదురా, వేలు ఎక్కడ తగిలితే ఏమి మాయమవుతుందో" అని తిరిగి ఇచ్చేస్తారు. ఆయనకు తిప్పే నాబు ఉన్న రేడియో కావాలి. అది కూడా ఒకప్పుడు మా ఇంట్లో ఉన్నటువంటి వాల్వుల రేడియో.

పాతికేళ్ళలోపు పాఠకులకు వాల్వుల రేడియో అంటే తెలియకపోవచ్చును. చిన్న గూడంత చెక్క పెట్టె. ముందర గుడ్డ, దాని వెనుక స్పీకరు. అద్దపు పలక మీద ఊళ్ళ పేర్లు. లోపల నాలుగైదు గాజు గొట్టాలు ఉంటాయి, వాటినే వాల్వులు అంటారు. స్విచ్చి వేయగానే పలకదు. గొట్టాలు వేడెక్కి లోపల తీగ ఎర్రబడేదాకా అర నిమిషము ఆగాలి. స్టేషను సరిగా దొరికితే "మ్యాజిక్ ఐ" అనే పచ్చని కన్ను దగ్గరగా మూసుకొంటుంది. చిన్నతనములో మేము ఆ కన్ను కోసమే రేడియో ముందు కూర్చునేవాళ్ళము.

పెద్దలు కూర్చున్నది మాత్రము వాక్యము కోసము. హిందూ మహాసముద్రములోని సీషెల్స్ దీవుల నుంచి ఫెబా రేడియో 1970లో ప్రసారాలు మొదలుపెట్టింది. అక్కడ తీరపు పగడపు దిబ్బ మీద, సముద్రపు నీటిలోనే, ఏరియల్ స్తంభాలు నిలబెట్టారు. మన వాళ్ళు మన దేశములో రికార్డు చేసిన తెలుగు కార్యక్రమము అంత దూరము వెళ్ళి, అక్కడ నుంచి మూడు వేల కిలోమీటర్లకు పైగా గాలిలో తిరిగివచ్చి, తెనాలి ప్రాంతపు మా పల్లెలో మా అరుగు మీద వినిపించేది. తరువాత 1978లో శ్రీలంకలోని పుత్తలము నుంచి ట్రాన్స్ వరల్డ్ రేడియో వారి ప్రసారాలు కూడా వచ్చాయి. మందిరానికి ఇంకా పైకప్పు పడని రోజులవి. సాయంకాలము పేటలోని వారు చాపలు తెచ్చుకొని మా అరుగు ముందు కూర్చునేవారు. రేడియో కెరటము వచ్చి పోయినట్లు ఒకసారి పెద్దగా, ఒకసారి సన్నగా వినిపించేది. సన్నబడినప్పుడు నాన్నగారు నాబును వెంట్రుకవాసి కదిపేవారు. అంతమందిలో ఆ నాబు ముట్టుకొనే అధికారము ఆయన ఒక్కరిదే.

ఆ రేడియోను 1996లో మేమే పాత ఇనుప సామాన్లవాడికి వేశాము. తూకానికి. కలర్ టీవీ కొన్నాము, బల్ల మీద చోటు కావలసివచ్చింది. నాన్నగారు పొలము నుంచి వచ్చి బల్ల వైపు చూశారు. కాళ్ళు కడుక్కొని భోజనానికి కూర్చున్నారు. ఏమీ అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే ఇన్నేళ్ళు మాకు గుర్తుండేది కాదేమో.

మా అబ్బాయి ఒకనాడు ఫోనులో చూపించాడు. ఇప్పుడు పాత రేడియోలు, టేపు రికార్డర్లు, గ్రామఫోన్లు అన్నీ అమ్మకానికి పెడుతున్నారు. మర్ఫీ, బుష్, ఫిలిప్స్, టెలిరాడ్, వరసగా ఫొటోలు. మా పాత రేడియోకు కవల తమ్ముడిలాంటిది ఒకటి కనిపించేసరికి మాకు ఆలోచన ఆగలేదు. అమ్మేవాడు వేరే రాష్ట్రములో ఉన్నాడు. "బాగా పలుకుతుంది, డబ్బు పంపండి, పార్శిలు చేస్తాను" అన్నాడు. 3,200 రూపాయలు పంపాము. పన్నెండు రోజులకు పెట్టె వచ్చింది, మంచి బరువుగా. విప్పి చూస్తే చెక్క ఒక మూల విరిగి ఉన్నది. లోపల వాల్వులు లేవు, ట్రాన్స్‌ఫార్మరు లేదు. దాని స్థానములో కాగితము చుట్టిన ఇటుక ముక్క ఉన్నది. ట్రాన్స్‌ఫార్మరులో రాగి ఉంటుంది గనుక దానిని వేరే అమ్ముకొంటారట. ఫోను చేస్తే మోగలేదు. నాన్నగారికి ఈ సంగతి చెప్పకుండా పెట్టెను గాదె గదిలో దాచాము.

ఇటుక తరువాత బుద్ధి వచ్చింది. మా ఊరి మెకానిక్ బాబాయి నలభై ఏళ్ళుగా రేడియోలు, మోటార్లు బాగుచేసేవాడు. ఆయనే మాకు పాఠము చెప్పాడు. "ముందు ఫొటో కాదు, వెనుక అట్ట తీసిన ఫొటో అడగండి. వెనుకవైపు ఫొటో పంపనివాడి దగ్గర కొనవద్దు. పలుకుతుంది అంటే పలుకుతుండగా వీడియో అడగండి. ఇంకా మంచిది, మనిషిని కాళ్ళ మీద పంపండి."

అలా హైదరాబాదు ప్రయాణము పడింది. లాలాగూడలో ఒకావిడ తండ్రిగారి రేడియో అమ్మకానికి పెట్టింది. వెనుకవైపు ఫొటో అడిగితే ఆరు పంపింది, దుమ్ముతో సహా. ధర 4,000. బాబాయి గురువారమే వెళ్దామని పట్టుబట్టాడు. పాతబస్తీలో జుమేరాత్ బజారు ఆ రోజేనట.

రాత్రి రైలెక్కి తెల్లవారకముందే సికింద్రాబాదులో దిగి, ఆటోలో పురానాపూల్ వైపు వెళ్ళాము. ఆ వంతెన 1578లో కుతుబ్‌షాహీల కాలములో మూసీ మీద కట్టినది. నది సంగతి చెప్పుకోకపోవడమే మంచిది, వాసన వంతెన కంటే ముందే పలకరిస్తుంది. ఆ దాపునే బజారు. చీకటిలోనే నేల మీద గోనెపట్టాలు, పట్టాల మీద ప్రపంచమంతా. ఒంటి చెప్పులు, కుళాయిలు, ఫ్యాను రెక్కలు, కళ్ళజోళ్ళు, గోడ గడియారాలు, ముక్కు లేని ఇస్త్రీపెట్టెలు. కొనేవారు టార్చి వేసి చూస్తున్నారు. దీనిని దొంగల బజారు అని కూడా అంటారు గాని, మాకు కనిపించిన అమ్మేవారిలో ఎక్కువమంది పాత ఇళ్ళ నుంచి సామాను కొని తెచ్చుకొన్న బీదవారే. ఒక ముసలాయన పట్టా మీద రేడియో వాల్వులు కోడిగుడ్ల అట్టలో నిలబెట్టి ఉన్నాయి. బాబాయి వాటి ముందు గొంతుకూర్చుని గంటసేపు లేవలేదు. ఇ.సి.హెచ్.81 ఒకటి, ఇ.సి.ఎల్.82 రెండు ఏరాడు. గాజు లోపల పైన వెండిలా మెరిసే పూత ఉంటుంది. అది పాలలాగా తెల్లబడితే గాలి లోపలికి పోయినట్లే, ఆ వాల్వు పనికిరాదట. అక్కడ పూర్తి రేడియోలు కూడా రెండు ఉన్నాయి. ధర అడిగితే ఏడు వేలు, ఆరు వేలు. ఆ మాట మేము విన్నాము. విన్నామని గుర్తుంచుకోండి.

కోఠీలో ఇడ్లీ తిని, గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు కొన్నాము. ఈ కెపాసిటర్లే పాత రేడియోకు ప్రాణగండము. ఏళ్ళ తరబడి వాడకపోతే అవి లోపల ఎండిపోతాయి, కొన్ని కరెంటును ఆపవలసినచోట కారనిస్తాయి. అందుచేత అటక మీద నుంచి దించిన రేడియోను నేరుగా ప్లగ్గులో పెట్టరాదు. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. లోపల రెండువందల వోల్టులకు మించి ఉంటుంది గనుక తెలియనివారు చేయి పెట్టనే పెట్టరాదు.

లాలాగూడ వేరే లోకము. సికింద్రాబాదు స్టేషను దాటి ఆలుగడ్డబావి మీదుగా వెళ్తే, నిజాము కాలము నాటి రైల్వే వర్క్‌షాపు, దాని చుట్టూ పెరిగిన పేట. వీధుల్లో నాలుగు భాషలు వినిపిస్తాయి. రైలు కూత వినిపించినప్పుడు మాట్లాడేవారు మాట ఆపి, కూత అయిపోయాక అక్కడ నుంచే అందుకొంటారు. మాకు ఆ పద్ధతి నచ్చింది.

ఆవిడ ఇల్లు రెండవ అంతస్తు. తమిళము వారు, తెలుగు చక్కగా మాట్లాడింది. తండ్రి రైల్వేలో గార్డుగా చేసి చనిపోయారు. ఇల్లు ఖాళీ చేసి కొడుకు దగ్గరకు వెళ్ళిపోతున్నది. గదిలో మూటలు కట్టి ఉన్నాయి. రేడియో మాత్రము కిటికీ దగ్గర బల్ల మీద, క్రోషా గుడ్డ కప్పి ఉన్నది.

బాబాయి వెనుక అట్ట విప్పాడు. బొద్దింకలు, బూజు. అయితే ఎవరూ చేయి పెట్టని సెట్టు. ట్రాన్స్‌ఫార్మరు అసలుది. స్పీకరు కాగితము చిరగలేదు. వాల్వుల మీద వెండి పూత అద్దములా ఉన్నది. ఆ రోజు ఉదయమే నేర్చుకొన్నాము గనుక మాకూ తెలిసింది. బాబాయి మా వైపు ఓరగా చూసి, పెదవి విరిచాడు. "వాల్వులు పోయాయమ్మా. దొరకవు. ట్రాన్స్‌ఫార్మరు కూడా కాలిన వాసన వస్తోంది. దీనిని మేము బొమ్మలాగా పెట్టుకోవడానికి తీసుకువెళ్ళాలి గాని పలకదు."

మేము ఏమీ అనలేదు. నాన్నగారు ఆనాడు ఏమీ అనకపోవడము వేరు, మేము ఆ గదిలో ఏమీ అనకపోవడము వేరు.

ఆవిడ ముఖము చిన్నబోయింది. "నాన్న ఉన్నన్నాళ్ళూ పలికిందండీ" అన్నది. చివరకు 1,800కు ఒప్పుకొన్నది. డబ్బు లెక్కపెడుతుండగా లోపలికి వెళ్ళి ఒక చిన్న పుస్తకము తెచ్చింది. రేడియో లైసెన్సు పుస్తకము. 1980లలో ఆ లైసెన్సు ఎత్తివేసేవరకు ఏటేటా పోస్టాఫీసులో రుసుము కట్టి ముద్ర వేయించుకోవాలి. ఒక్క ఏడు తప్పలేదు. "ఇది దానితోనే ఉండాలి కదా" అని రేడియో మీద పెట్టింది.

దుప్పటిలో చుట్టి దించాము. మొదటి మలుపు దగ్గర బాబాయి నవ్వాడు. "ఆరు వేల సరుకు!" అన్నాడు. మేము అక్కడే మెట్టు మీద కూర్చున్నాము. రేడియో ఒళ్ళో ఉన్నది. కొనేవాడు సరుకును జబ్బుదని తిట్టి, అవతలకు పోయి మెచ్చుకొంటాడని సొలొమోను సామెతల్లో రాశాడు. సండేస్కూలు పిల్లలకు ఆ మాట మేము చెప్పి, చెప్పించాము. ఇటుక పంపినవాడిని నెల రోజులుగా తిట్టుకొంటున్నాము. "బేరమంటే అంతే, ఆవిడకు తెలియకపోతే మన తప్పా?" అన్నాడు బాబాయి. ఆయన మా కోసమే చేశాడు. ఆయనను తప్పు పట్టే హక్కు మాకు లేదు, నోరు మూసుకొన్నది మేము.

తిరిగి పైకి వెళ్ళాము. తలుపు తీయగానే ఆవిడ, "వెనక్కి తీసుకోను" అన్నది. వాల్వులు బాగానే ఉన్నాయని, బజారులో ఇలాంటివాటి ధర ఆరు వేలు చెబుతున్నారని, మీరు అడిగిన నాలుగు వేలూ న్యాయమేనని చెప్పాము. ఖర్చులు పోను చేతిలో 1,500 ఉంటే ఇచ్చాము. మిగతా 700 ఊరు వెళ్ళి పంపుతామన్నాము. ఆవిడ సంతోషిస్తుందనుకొన్నాము. సంతోషించలేదు. "ఇందాకే చెప్పవచ్చు కదా. నాన్న రేడియోను చెత్త అన్నప్పుడు మీరు అక్కడే ఉన్నారు" అన్నది. డబ్బు తీసుకొని తలుపు వేసుకొన్నది.

తిరుగు రైలులో బాబాయి మిర్యాలగూడ దాటేవరకు మాతో మాట్లాడలేదు. దాటిన తరువాత పల్లీలు కొని సగము మా చేతిలో పోశాడు.

ఊరు వచ్చిన రెండవ రోజున 700 పంపించాము. ముట్టినట్లు ఒక ముక్క వచ్చింది, అంతే.

కెపాసిటర్లు మార్చడానికి బాబాయికి మూడు రోజులు పట్టింది. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు వరసలో ఒక వంద వాట్ల బల్బు కలిపాడు. లోపల ఏదైనా షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, రేడియో దక్కుతుంది. బల్బు ఒకసారి వెలిగి మసకబారింది. "బ్రతికింది" అన్నాడు. కూలి ఎంత అడిగినా తీసుకోలేదు.

సాయంకాలము నాన్నగారిని బల్ల దగ్గర కూర్చోబెట్టాము. వేళ్ళతో చెక్క అంచు తడిమారు. ఇది మన రేడియో కాదని వెంటనే తెలిసిపోయింది. "నాబులు తేడా" అన్నారు. అర నిమిషానికి పచ్చని కన్ను వెలిగింది. అది ఆయనకు కనిపించదు, మేము చెప్పాము. మీడియము వేవులో 837 దగ్గర విజయవాడ స్పష్టముగా వచ్చింది. వార్తలు పూర్తయ్యేదాకా విన్నారు.

తరువాత బ్యాండు మార్చి షార్ట్ వేవుకు వెళ్ళారు. ముల్లు మెల్లగా జరుగుతున్నది. సీషెల్స్ ప్రసారాలు 2003లోనే ఆగిపోయాయని ఆయనకు తెలుసు, ఎన్నోసార్లు అనుకొన్నదే. ఏదో అరబ్బీ పాట వచ్చి పోయింది. ఈల. గరగర. ఒకచోట ఆపి, వెంట్రుకవాసి అటూ ఇటూ కదిపారు. అక్కడ ఏమీ లేదు, హోరు తప్ప.

"ఇక్కడ వచ్చేది" అన్నారు. "ఆపవద్దు, కాసేపు ఉండనివ్వండి."

మేము చాప తెచ్చి అరుగు మీద వేశాము.