చెవులు లేని పిల్లి

మొన్నటి వేసవి సెలవులలో మా యింట నొక పిల్లి పుట్టినది. అది పాలు త్రాగదు; దాని కడుపులో కంప్యూటరున్నది.

పిల్లలు గల సోదరీమణులకు డోరేమాను నెరిగింప నక్కరలేదు. జపానుదేశమున ఫుజికో ఎఫ్. ఫుజియో అను కలము పేరుగల చిత్రకారుని బొమ్మల కథలలో 1969వ సంవత్సరమున పుట్టి, టెలివిజను మూలమున మన యిండ్లకు వచ్చిన నీలిరంగు మరపిల్లి యది. ఎలుక చెవులు కొరికివేయుటచే బోడితలతో నుండును. నాటినుండి ఎలుకయన్న దానికి హడలు.

మా అబ్బాయి తొమ్మిదవ తరగతి లెక్కల పరీక్షలో తప్పెను. ఆ లెక్కలు బడిలో చెప్పువారు మావారే. తన కుమారుడే తప్పెనని వారికి సిగ్గు. తండ్రి మొగము చూడ వీనికి భయము. నెలదినములు ఒక్క యింట నుండియు ఒకరితో నొకరు మాటాడలేదు. నడుమ నేను రాయబారము నడపితిని.

ఒకనాడు వాడు, "అమ్మా, పాత కంప్యూటరు పెట్టె తుప్పుపట్టినది. డోరేమాను వలె క్రొత్త పెట్టె చేయనా?" అనెను. పరీక్ష తప్పినవానికి బొమ్మలాటలా యని నోటిదాక వచ్చినది గాని, వాని కన్నులలోని వెలుగు చూచి మ్రింగుకొంటిని.

కథలో డోరేమాను ఎత్తు 129.3 సెంటీమీటర్లు. దానిని సగము చేసి, లెక్కలలో తప్పినవాడు తలకు, పొట్టకు, కాళ్ళకు పాళ్ళు కట్టెను! ప్లైవుడ్డుతో చట్రము, దానిపై పలుచని రేకు అమర్చెను. చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపి, కొండపల్లి బొమ్మలకు వాడునట్టి మక్కుతో నేను సందులు పూడ్చితిని. ప్రక్కకు 17 సెంటీమీటర్ల కొలతగల మదర్‌బోర్డు రేకును తాకకుండ ఇత్తడి మరకాళ్ళపై నిలిపెను. ఎర్తుతీగ మాత్రము తెలిసినవానిచేత కలిపించితిమి.

మీట నొక్కగా పిల్లి నవ్వు మొగముతో వెలిగినది. ఇరువది నిమిషములకు దానంతటదే ఆరిపోయెను. మరల పెట్టగా మరల ఆరెను. "నేనేమి చేసినను తప్పే" యని వాడు మూల కూర్చుండెను. ఆ మాట ప్రక్కగదిలో వారికి వినబడెను.

వారు లేచి వచ్చిరి. ఏమందురోయని నాకు గుండె దడ. వారొక అగరువత్తి వెలిగించి, లోపలి పంకాలు రెంటియొద్దను పట్టిచూచిరి. రెండు చోట్లను పొగ లోనికే పోయెను.

"వేడిమి బయటికి పోవు దారి యేది నాయనా? యంత్రము తన్ను గాచుకొనుటకై ఆరిపోవుచున్నది. పంకాకు కడ్డీలున్న వైపునుండి గాలి వెడలును. మీదిదానిని త్రిప్పి బిగించి, తలపై రంధ్రములు చేయుము" అనిరి.

తలకు చిల్లులా యని వాడు మొదట ఒప్పుకొనలేదు. అంతలో నవ్వి, "నాన్నగారూ, చెవులు పోయిన చోట!" అనెను. నెలదినముల తరువాత వాడు పిలిచిన పిలుపది. లోని సామగ్రి యంతయు తీసిపెట్టి, తండ్రి బొమ్మను పట్టుకొనగా కొడుకు తొలిచెను.

ఇప్పుడది గంటలకొద్ది చల్లగా నడచుచున్నది. మేమును వానిపై ఇరువైపులనుండి ఉపదేశములను లోనికే త్రోయుచుంటిమి గాని, వాని మాట బయటికి వచ్చు దారి యుంచమైతిమని నాకప్పుడు తోచినది. మరల పరీక్ష రానున్నది. ఫలమేమగునో కాని, రాత్రులు ఆ పిల్లి ప్రక్కనే ఇద్దరును లెక్కల పుస్తకము తెరచి కూర్చుందురు.

"ఎలుకను చూచి హడలు పిల్లికి మౌసు తగిలించితివేమిరా?" అని నేను పరిహాసమాడితిని.

"అలవాటు పడవలె గదమ్మా" అనెను వాడు.