వఖార్ వికారమయ్యే చోట

మమ్మల్ని బొమ్మ గీయడానికి మీకు ఎక్కువ గీతలు అక్కర్లేదు. ఒక నెలవంక, ఒక టోపీ, ఒక గడ్డం, రెండు మీనార్లు. అంతే, ముసల్మాను తయారు. యిదివరకు ఆ మాత్రం బొమ్మకయినా ఒక ఆర్టిస్టు చెయ్యి కదిలేది. యిప్పుడు కంప్యూటర్లో రెడీమేడ్‌గా వుంది. మౌస్‌తో పట్టి లాక్కొచ్చి పెట్టడమే. రంజాన్ వస్తే ప్రకటనల్లో మాకు ముబారక్ చెప్పేది ఆ బొమ్మే. ఎక్కడో బాంబు పేలితే వార్త పక్కన కూచునేదీ దాని తోడబుట్టిందే. పత్రికల్లో పనిచేస్తున్న మేం అది పేజీలోకి ఎక్కడం ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు.

మరి మమ్మల్ని మేం గీసుకుంటే ఎట్లా వుంటాం?

సంగతి బొమ్మకన్నా ముందు అక్షరం దగ్గరే మొదలైంది. వికారాబాద్ పేరే చూడండి. పాయిగా నవాబు వఖారుల్ ఉమ్రా పేరు మీద వెలసిన వూరు. ఫలక్‌నుమా కట్టించినాయన, 1901 దాకా హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రిగా చేసినాయన. వఖార్ అంటే గౌరవం, హుందాతనం. తెలుగు లిపిలోకి వచ్చేసరికి ఆ గౌరవం వికారమైంది. ఎవరూ కావాలని చేసింది కాదు. గొంతు లోతుల్లోంచి పలికే ఆ 'ఖాఫ్' తెలుగులో లేదు. కొందరు 'క' రాస్తారు, కొందరు 'ఖ' రాస్తారు. రెండూ అది కాదు. మా పేర్లన్నిటికీ యిదే గతి. 'ఖమర్' అంటే చంద్రుడు, 'కమర్' అంటే నడుము. తెలుగులో రాస్తే చంద్రుడు నడుమైపోతాడు. 'ఖల్బ్' అంటే గుండె, అరబ్బీలో 'కల్బ్' అంటే కుక్క. యిక చెప్పేదేముంది! రెండు లిపుల్లో బతికే మేం రోజూ ఏదో ఒకటి పోగొట్టుకుంటూనే వుంటాం.

ఉర్దూను మేం రాసే పద్ధతి నస్తాలీఖ్. అందులో అక్షరాలు గీత మీద బుద్ధిగా నిలబడవు. కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి జారుతూ ఒకదాని ఒడిలో ఒకటి కూచుంటాయి. పక్కన ఎవరున్నారో చూసి తమ ఆకారం మార్చుకుంటాయి. ఖలం కొనతో పెట్టిన చుక్క, నుక్తా, అదే కొలత. మూడు నుక్తాల ఎత్తు అలిఫ్. యిట్లాంటి లిపి సీసపు అచ్చుల్లో యిమడలేదు. తెలుగు పత్రికలు టైపు కూర్చుకుంటున్న కాలంలో ఉర్దూ పత్రికలు కాతిబుల చేతిరాత మీదే నడిచాయి. కాతిబ్ కాగితం మీద రాస్తే దాన్ని రాతిపలక మీదికి ఎక్కించి అచ్చు తీసేవాళ్లు. ఆ శిలాముద్రణకు పేరుమోసిన రాయి జర్మనీలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాయి. మా తాండూరు నాపరాయీ సున్నపురాయే.

ఆ చేతిరాతను కంప్యూటర్లోకి ఎక్కించింది ఒక ఆర్టిస్టు. మీర్జా అహ్మద్ జమీల్ ఢిల్లీలో పుట్టి, కరాచీలో అచ్చుపనిలో స్థిరపడినవాడు. అక్షరాలు కలిసి కట్టే రూపాలు దాదాపు 20 వేలు దగ్గరుండి తయారుచేశాడు. ఇంగ్లండులోని మోనోటైప్ కంపెనీ వాళ్ల యంత్రం వాటిని చుక్కలు చుక్కలుగా గుర్తుపెట్టుకుంది. తండ్రి నూర్ అహ్మద్ పేరు మీద దాన్ని నూరీ నస్తాలీఖ్ అన్నాడు. 1981లో లాహోర్ 'జంగ్' పత్రిక ఆ అక్షరాలతో వెలువడింది. 1994లో ఢిల్లీలోని కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ 'ఇన్‌పేజ్' తయారుచేస్తే అవే అక్షరాలు తిరిగి యింటికొచ్చాయి.

పాకిస్తాన్ పొమ్మని మమ్మల్ని దబాయించేవాళ్లకు ఈ కథ చెప్పాలనిపిస్తుంది. మేం టైపు చేసే అలిఫ్‌ను తీర్చిదిద్దినవాడు పుట్టింది ఢిల్లీలో. ఆ అలిఫ్ కరాచీలో రూపు కట్టింది, ఇంగ్లండు చూసింది, ఢిల్లీ చేరింది, హైదరాబాద్ మీదుగా తాండూరు వచ్చింది. దాన్నెవరూ వీసా అడగలేదు. అక్షరం మీద లేని అనుమానం మనిషి మీద ఎందుకు?

ఈ దారిలో చివరి మజిలీ అంతా నడిచినవాడు తాండూరులో మా దోస్తు. 1956 దాకా తాండూరు గుల్బర్గా జిల్లాలో వుండేది. అందుకేనేమో ఆయన బ్రష్‌కు తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ వచ్చు. దుకాణాల షట్టర్లు, లారీల వెనకభాగాలు, పప్పు మిల్లుల బోర్డులు, ఖబ్రస్తాన్‌లో రాళ్ల మీద పేర్లు. అన్నీ రాశాడు. ఫ్లెక్సీ వచ్చి బ్రష్ పనిని మింగేశాక నలభై దాటిన వయసులో కంప్యూటర్ ముందు కూచున్నాడు. "మౌస్‌కు గుండీలున్నయి గని మణికట్టు లేదు మియా" అనేవాడు. తర్వాత పెన్నుతో గీసే ఎలక్ట్రానిక్ పలక కొనుక్కున్నాడు. దాన్ని తఖ్తీ అంటాడు, చిన్నప్పుడు మదరసాలో రాసుకున్న చెక్కపలకను అన్నట్టు.

తాండూరు గనుల్లో నాపరాయి పొరలు పొరలుగా వూడివస్తుంది. నీలం పలకలు, పసుపు పలకలు. వాటిని ఫోటో తీసి కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పరుస్తాడు. ఒక పొరలో అమ్మీ కుట్టిన బొంత కుట్లు. ఒక పొరలో కందిచేని పసుపు పూత. ఒక పొరలో పీర్ల గుండం నిప్పులు. ఒక పొరలో గనిలో రాయి తీసే మనిషి వంగిన వీపు. అన్నిటికన్నా పైన తెలుగులో 'వికారాబాద్', ఆ 'క' మీద ఉర్దూ ఖాఫ్‌కుండే రెండు నుక్తాలు. ఆ బొమ్మ పేరు 'వఖార్'. మేం చదివిన డిగ్రీ పుస్తకాల కళాసూత్రాల కన్నా ఆ రెండు చుక్కలు మాకు ఎక్కువ చెప్పాయి.

రెడీమేడ్ బొమ్మ ముట్టుకోననేది ఆయన నియమం. కంప్యూటర్ మీద కోపంతో కాదు. "మెషీన్ మనమిచ్చిందే తిరిగిస్తది. మన బొమ్మ మనం ఇయ్యకుంటే ఎవరో ఇచ్చిందే మనకు చూపిస్తది" అంటాడు. యిప్పుడు నాలుగు మాటలు టైపు చేస్తే బొమ్మ గీసే కృత్రిమ మేధ వచ్చింది. అదీ లోకంలో పోగుపడిన బొమ్మల్ని చూసి నేర్చుకున్నదే. పోగుపడింది టోపీ, గడ్డమే అయితే అది మాత్రం ఏం గీస్తుంది?

అయినా పొట్టకోసం ఫ్లెక్సీలు తప్పవు. అక్కడే అసలు పోరు. రంజాన్ ఫ్లెక్సీకి మావాళ్లే ఈజిప్టు ఫానూస్ దీపం కావాలంటారు. మా గల్లీల్లో ఆ దీపం ఎప్పుడు వెలిగింది? పీర్ల గుండం చూసి "ఇది మన దీన్‌లో లేదు, తీసెయ్" అనేది యింటివాళ్లు. "మరి నెలవంక ఏదీ?" అనేది బయటివాళ్లు. లౌకికవాద మిత్రులు కూడా తక్కువేం కాదు. మతసామరస్యం పోస్టరులో టోపీ లేని ముస్లిం వుంటే "వీడు ముస్లిమని ఎట్లా తెలుస్తుంది?" అంటారు. టోపీ మాకు నామోషీ కాదు. మా అబ్బాజాన్ కడదాకా పెట్టుకున్నారు. టోపీ గీసేవాళ్లు దాని కింద తలను గీయడం మరిచిపోతారు, అదీ మా బాధ.

ఆయన గదిలో గోడ మీద ఒకే ఒక ఫోటో, ఎం.ఎఫ్. హుసేన్‌ది. బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసి ఎదిగినవాడు కాబట్టి బోర్డు పెయింటర్లకు పెద్దన్న. లోహియా మాట మీద హైదరాబాద్‌లో బద్రివిశాల్ పిత్తీ యింట్లో రామాయణం బొమ్మలు గీసిన చెయ్యి అది. ఆ మనిషే 2006లో దేశం విడవాల్సి వచ్చింది. 2010లో ఖతర్ పౌరుడయ్యాడు. 2011 జూన్ 9న లండన్‌లో కన్నుమూశాడు. వఖార్ వికారమవడమంటే మాకు తెలిసిన అర్థం యిది.

2017లో తెలంగాణ అంతటా ఉర్దూను రెండో అధికార భాష చేశారు. మంచిదే. బోర్డుల మీద ఉర్దూ కనిపిస్తోంది. కొన్నిచోట్ల అక్షరాలు విడివిడిగా, వెనకది ముందుకొచ్చి, ఎవరూ చదవలేనట్టు వుంటుంది. చదవరాని చెయ్యి అతికించి పోయిందన్నమాట. ఫోటో తీసి పంపితే మా దోస్తు నవ్వి ఒకటే మాటన్నాడు: "జాగా ఇచ్చిన్రు మియా, చదవలేదు."

మాకు జాగా యివ్వడం ఒకటి, మమ్మల్ని చదవడం మరొకటి. మా బొమ్మ మేమే గీసుకుంటాం. మా 'క' మీద రెండు నుక్తాలు మేమే పెట్టుకుంటాం. ఆ చుక్కల్ని దుమ్మనుకొని తుడిచెయ్యకండి.